కాంఛీ నెమరు వేసే దాకా

దవడ కదల్లేదు. కదిలిందనుకున్నాను గానీ అది ఈగ, మూతి మీద వాలితే చర్మం అదిరింది, అంతే. కాంఛీ అలాగే నిలబడి ఉంది, మెడ ముందుకు చాచి, నోరు తెరిచి, నాలుక చివర బయటికి పెట్టి, సొంగ నేల దాకా కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే. పడుకోదు, పడుకోమంటే వినదు, వేసవిలో పశువు పడుకుంటే ఒంటి కింద గాలాడదట, అందుకని నిలబడే ఉంటుందట, ఇదీ పశువుల డాక్టర్ బాబు చెప్పిందే. వెళ్ళేముందు సంచి సర్దుకుంటూ బెంగాలీలో ఆయన అన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది, జాబర్ కాట్‌లే ఆర్ భోయ్ నేయ్. నెమరు వేసిందంటే ఇక భయం లేదు. వేయకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు, అడిగితే చెప్పేస్తాడని భయం. సాయంత్రం రైల్వే వర్క్‌షాప్ సైరన్ కూసే లోపల వేయాలి అని మాత్రం అన్నాడు. నిన్న మధ్యాహ్నం మేత తిన్నాక మళ్ళీ దాని దవడ ఆడలేదు. సెలైన్ ఎక్కింది, సూది పడింది, ఇంక చేసేదేమీ లేదు, నీళ్ళు పోయడమూ చూడడమూ తప్ప. అందుకే శాల గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని ఒక ఆవు దవడ వైపు కళ్ళార్పకుండా చూస్తూ కూర్చున్నాను. నా పెళ్ళిచూపుల్లో సుందర్ రాజు గారి మొహం కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు నేను.

మా కోడలు ఏంజెలా మగ్గుతో నీళ్ళు పోస్తోంది. నెత్తి మీద కాదు, మెడ మీద, భుజాల మీద, వీపు పొడుగునా, పోసి అరచేత్తో వెంట్రుకల్లోకి రుద్దుతోంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు పిల్ల. రెండుసార్లు చెప్పాను, మూడోసారి కసిరాను. "నాను తిన్ను ఆమా, కాంఛీ దవడ ఆడితే నాదీ ఆడుతాది," అంది. తెలుగు మా ఇంట్లోనే నేర్చుకుంది కాబట్టి మా మాటే మాట్లాడుతుంది, ఒక్క ఆమా మాత్రం మార్చుకోలేదు, వాళ్ళ కొండ ఊరు కాలింపాంగ్‌లో అమ్మని అలాగే అంటారట, నాకూ బాగానే ఉంది, అత్త అన్నదాని కంటే అదే నయం. కాంఛీ అంటే వాళ్ళ నేపాలీలో ఇంటి చిన్నపిల్ల. తల్లి ఆవు చచ్చిపోతే ఈ దూడని సీసాతో పాలు పట్టి పెంచింది ఈ పిల్లే. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి వచ్చి, మా చర్చి పాటల్లో మా అబ్బాయి జాన్ పాల్ పక్కన నిలబడి, శ్రుతి కలవని వాడి బేసురు గొంతు విని కూడా వాణ్ణి చేసుకోవడానికి ఒప్పుకున్న మనిషి, ఒక్క దానికి మాత్రం పట్టుబట్టింది. సెలవల్లో ఇంటికి వెళ్ళి కాంఛీని చూసుకోవడం నా వల్ల కాదు, అది కూడా వస్తుంది. వాడు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను, ఆయన ఆకాశం చూశాడు. క్రిస్మస్ వెళ్ళిన వారానికి మా ఇంటి ముందు లారీ ఆగింది.

ఎంత ముద్దుగా ఉందో అప్పుడు. పొట్టి కాళ్ళు, గోధుమరంగు ఒళ్ళు, ఒత్తు జుట్టు. మా ఖరిదా పేట అంతా వచ్చి చూసింది. పక్కింటి రాధారాణి దీదీ చేతులు తిప్పి దిష్టి తీసింది. నేను మాత్రం చూడగానే అనేశాను, నా నోరు ఊరుకోదు కదా, మూపురం లేదు, గంగడోలు లేదు, ఇదేం ఆవే అని. అవి లేకపోవడం వెక్కిరింపుకి పనికొచ్చే సంగతి అనుకున్నాను గానీ, వేలాడే ఆ గంగడోలే కింద ఊళ్ళ ఆవులకి వేడి బయటికి పోయే దారి అని నాకేం తెలుసు. జనవరి, ఫిబ్రవరి దానికి పండగే. పాలు పొంగేవి. ప్రేమ్ బజార్ మిఠాయి కొట్టువాడు నా పాలు వచ్చేదాకా పొయ్యి వెలిగించేవాడు కాదు. అంత చలిలో పాలు పెరగడమేంటని నేను ఆశ్చర్యపోతే ఏంజెలా నవ్వింది. ఇది చలేంటి ఆమా, మా దగ్గర మంచు పడ్డ పొద్దున నాన్న దానికి కంబళి కప్పి నడుం చుట్టూ తాడు కట్టేవాడు, గడ్డి మాడిపోయేది, పాలు అడుగంటేవి, మార్చి వస్తే బతికామనుకునే వాళ్ళం అంది. అక్కడ మార్చి కోసం ఎదురు చూసిన ఆవు ఇక్కడ మార్చి రాగానే చెంబెడు పాలు తగ్గించింది. ఏప్రిల్‌కి సగం. జుట్టు రాలలేదు. రాలాలని దానికి ఎవరూ చెప్పలేదు పాపం, కొండ మీద వేసవి వేరు. మంగలిని పిలిపిస్తే ఆవుకి కటింగా అని దండం పెట్టి సైకిలెక్కేశాడు. చివరికి ఏంజెలాయే కత్తెర పట్టుకుని తనకి తెలిసినంత కత్తిరించింది. ఒకచోట నున్నగా, ఒకచోట గుబురుగా, ఇప్పటికీ అలాగే ఉంది, ఇంత దిగుల్లోనూ ఆ తోక మొదలు దగ్గర వదిలేసిన కుచ్చు చూస్తే నాకు నవ్వొస్తుంది. దవడ చూడాలి నేను. కదల్లేదు.

నా ఊపిరి కూడా ఇలాగే ఎగపోసింది, పెళ్ళికి వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు. జీపు మలుపు తిరిగినప్పుడల్లా చెవులు మూసుకుపోయాయి. దిగి వాళ్ళింటి మెట్లు సగం ఎక్కేసరికి గుండె గొంతులో కొట్టుకుంది. పట్టుచీర కట్టుకుని, కొత్త వియ్యపురాలి ముందు, రాతి మెట్టు మీద చతికిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నవ్వలేదు, అల్లం నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుని నా వీపు నిమిరింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిమురుతూనే ఉంది. తరవాత ఏంజెలా నాన్న చెప్పాడు హిందీలో, ఆయన తమ్ముడు ఇంకా పైకి, మబ్బుల్లో ఉండే ఊరికి, కింద సిలిగురి సంతలో కొన్న ఆవుని తోలుకుపోతే ఏమైందో. పలచటి గాలి. పది అడుగులకి నిలబడిపోయేదట, మెడ కింద, రొమ్ము దగ్గర నీరు దిగి సంచిలా వాచిందట. కిందకి దింపితే గానీ తేరుకోలేదట. ఎక్కించినా కష్టమే, దించినా కష్టమే బెహన్‌జీ, ఒంటికి టైమ్ ఇవ్వాలి అన్నాడు ఆయన. డాక్టర్ బాబు కూడా ఇవాళ అదే అన్నాడు. కొండ గాలికి దీని రక్తం చిక్కబడి ఉంటుంది, అది పలచబడడానికి నెలలు పడుతుంది, ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి ఇంకా పడుతుంది, ఈ ఒక్క వేసవి దాటించండి, వచ్చే వేసవికి ఇదే కొంచెం ఓర్చుకుంటుంది. కడుపులో దూడ ఉంది కదా, అది ఇక్కడే పుడుతుంది, ఇక్కడి ఎండలోనే తయారవుతుంది. వచ్చే వేసవి అన్నాడాయన. అంటే వచ్చే వేసవికి ఇది ఉంటుందని ఆయన అనుకుంటున్నాడు కదా. ఊరికే అనడు కదా డాక్టరు.

అసలు సంగతి బయటపడింది కూడా ఆయన వల్లే. ఒంటి వేడి చూశాడు, డొక్క మీద పిడికిలి నొక్కి చూశాడు, శాల చూశాడు, రేకుల కప్పు చూసి మొహం చిట్లించాడు, మేత ఎప్పుడు వేస్తారని అడిగాడు. మా ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "సైరన్ కూయగానే ఏసినాను డాక్టర్ బాబూ. రోజూ అంతే. మా ఇంట్లో అంతా టైం ప్రకారమే." డాక్టరు గొట్టం చెవుల్లోంచి తీసేశాడు. మధ్యాహ్నం సైరనా? అవును, మధ్యాహ్నందే, గంపనిండా ఎండుగడ్డి, తవుడు, ఆవాల చెక్క, పెద్ద మేత అదే కదా. మా ఇంట్లో గడియారం ఎప్పుడూ ఉత్త అలంకారం. మా మామగారు వర్క్‌షాప్‌లో, మా ఆయన వర్క్‌షాప్‌లో, ఇప్పుడు జాన్ పాల్ వర్క్‌షాప్‌లో. సైరన్ కూస్తే లేవడం, కూస్తే తినడం, కూస్తే దీపం పెట్టడం. ఆయన రిటైరైన మర్నాడు కూడా సైరన్ కూయగానే లేచి చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి, తిరిగొచ్చి కూర్చున్నాడు. నేను వంటింట్లోంచి చూసి ఏమీ అనలేదు, ఆ ఒక్కరోజే ఏమీ అనలేదు. ఆవు వచ్చాక మనిషికి మళ్ళీ ఉద్యోగం దొరికింది. మధ్యాహ్నం సైరన్, మేత. ఏంజెలాకి తెలుసు, వాళ్ళు తెల్లారకుండా ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి వేస్తారు, ఈ పిల్ల నోరు తెరిచి చెప్పి ఉంటే. కానీ కొత్త కోడలు, ఈ ఇంటి పద్ధతి ఇదీ అనుకుంది, పైగా మామయ్య అంత సంతోషంగా గంప ఎత్తుకుంటుంటే ఎలా చెప్పను ఆమా అంది ఇందాక, కళ్ళనీళ్ళతో. డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. తిన్న మేత లోపల పులుస్తుంది, ఆ పులుపులోంచి వేడి పుడుతుంది, తిన్న కొన్ని గంటలకి ఆ వేడి పైకొస్తుంది. మిట్టమధ్యాహ్నం వేస్తే బయటి ఎండ, లోపలి మంట రెండూ ఒకేసారి. మీరు మధ్యాహ్నం పూట దాని కడుపులో పొయ్యి వెలిగిస్తున్నారు సుందర్ బాబూ అన్నాడు. మా ఆయన తువ్వాలు తలకి చుట్టుకుని, అంత ఎండలో, ఐసు తెస్తానని సైకిలేసుకుని వెళ్ళిపోయాడు. నేను తిడదామనుకున్నాను. ఆ వీపు చూస్తే తిట్టబుద్ధి కాలేదు. రెండు తిట్లు దాచిపెట్టాను, కాంఛీ లేచి తిరిగాక వాడుకుంటాను.

ఆకాశం పడమట నల్లబడింది. రా తల్లీ రా. మే నెల సాయంత్రాలు ఇక్కడ గాలివాన ఉన్నట్టుండి వస్తుంది, దుమ్ము లేపి, తలుపులు కొట్టి, అరగంటలో ఊరంతా చల్లబెట్టి పోతుంది. ప్రభువా, ఒక్క వాన. ఎక్కువ అడగను. ఏంజెలా కూడా చూసింది, మగ్గు ఆపి. చూస్తూ ఉండగానే ఆ నలుపు హిజ్లీ మీదుగా పక్కకి జరిగి జరిగి బాలాసోర్ దారి పట్టింది, ఎక్కడో ఉరిమింది, మాకు కాదు. సరే. ఎవరికో ఒకరికి పడింది కదా, అక్కడా ఆవులుంటాయి. ఇలా అనుకోగలిగానంటే నేను మంచిదాన్నేమో అనిపించింది, వెంటనే కాదని తెలిసింది, ఎందుకంటే ఆ బాలాసోర్ వాన మీద ఇంకా ఏడుస్తూనే ఉన్నాను.

సైకిలు గంట. ఆయన ఐసు తెచ్చాడు, గోనెలో పొట్టు వేసి చుట్టి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఐసు ఎక్కడ దొరుకుతుంది మధ్యాహ్నం పూట, చేపల బజార్లో తప్ప. పగలగొట్టి బకెట్లో వేసి, ఆ బకెట్టు కాంఛీ మూతి ముందు పెట్టాడు. కాంఛీ ఒక్కసారి వాసన చూసింది. ముక్కు చిట్లించింది. చెవులు వెనక్కి పెట్టి, బుస్సుమని, తల పక్కకి తిప్పేసుకుంది.

"ఏటండీ ఇది, హిల్సా చేపలు కడిగిన ఐసు తెచ్చినారా?"

"ఏటి సేసీది మరి, శాకాహారం ఐసు ఎక్కడ అమ్ముతారో సెప్పు, ఎల్లి తెస్తాను."

ఏంజెలా నవ్వింది. పొద్దుటి నుంచి మొదటిసారి. "కోపం ఒచ్చింది ఆమా దీనికి! సూసినారా? కోపం ఒచ్చింది!" అవును కదా. నిన్నటి నుంచి ఈగ వాలినా తోక కొట్టని ఆవు మూతి తిప్పుకుంది. ఇష్టం లేదంటోంది. ఇష్టాలున్నాయంటే ప్రాణం గట్టిగానే ఉన్నట్టు. ఆ ఐసుని గోనెల్లో కట్టి పైన రేకుల మీద పడేశాడాయన, అది కరిగి గోనెలు తడిసి, శాల అంతా చేపల వాసన, కానీ కింద కాస్త నీడ చల్లగా తగిలింది. మంచి నీళ్ళ బకెట్టు వేరే పెట్టాం, ఉప్పూ బెల్లమూ కలిపి. ముట్టలేదు. మూతి తడిపింది అంతే. ఫ్యాను తిరుగుతోంది, ఏంజెలా పెళ్ళికి వాళ్ళ ఆసుపత్రి నర్సులు ఇచ్చిన ఫ్యాను, ఇంకా దాని నెత్తిన రిబ్బను ముడి ఉంది. తడి ఒంటికి ఆ గాలి తగిలితేనే వేడి దిగుతుందట.

గాలి అంటే మా మామ్మ గుర్తొస్తుంది. భీమిలి సముద్రం ఒడ్డు నుంచి తాతయ్య వెనకాలే రైలెక్కి ఇక్కడికొచ్చింది. నేను పుట్టేసరికి ముసలిదైపోయింది, అయినా వేసవి వస్తే చాలు, ఈ ఊళ్ళో గాలి లేదర్రా, ఈ ఊరికి గాలి రాసిపెట్టలేదు దేవుడు, అని ఏడ్చేది. సాయంత్రం నన్ను చంకనేసుకుని ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి కూర్చునేది. ఎందుకంటే మెయిల్ పోతున్నప్పుడు గాలొస్తుంది. రైలు వస్తోందంటే కొంగు విప్పి రెండు చేతులా పట్టుకుని మొహం ఎత్తి కళ్ళు మూసుకునేది. రైలు పోయేది. మామ్మ చీర పొంగేది. ఇప్పుడు బాగుందే అనేది నాతో, నాకు కాదు చెప్పేది, ఎవరికో. ఎన్నేళ్ళకి అలవాటు పడింది? పడిందా? చివరి రోజుల్లో భీమిలి తీసుకెళ్తే సముద్రం గాలికి జలుబు చేసిందని రెండో రోజే ఇంటికి పోదాం పదమంది. ఇంటికి అంటే ఇక్కడికి. ఆ మాట ఏంజెలాకి ఎప్పుడైనా చెప్పాలి. ఇప్పుడు కాదు. ఇప్పుడు చెబితే, ఎన్నాళ్ళు పట్టింది ఆమా అని అడుగుతుంది.

ఫ్యాను ఆగిపోయింది.

రెక్కలు ఇంకా తిరుగుతున్నాయి గానీ చప్పుడు పోయింది. పక్కింట్లోంచి రాధారాణి దీదీ అరిచింది, లోడ్‌షెడ్డింగ్! ఇప్పుడే. కరెంటు ఇప్పుడే పోవాలి. శాలలో గాలి అక్కడికక్కడ నిలబడిపోయింది. కాంఛీ డొక్కలు మళ్ళీ గబగబా, నాలుక ఇంకొంచెం బయటికి, కళ్ళు తెల్లబడ్డట్టు. ఏంజెలా మగ్గు పడేసి తన చున్నీ తీసి తడిపి రెండు చేతులా విసరడం మొదలెట్టింది. ఆయన చాట తీసుకున్నాడు. నేను లేచాను, మోకాళ్ళు కరకరమన్నాయి, చేతికి ఏం దొరకలేదు, నా కొంగే విప్పి పట్టుకున్నాను. ముగ్గురం ఒక ఆవు చుట్టూ నిలబడి విసురుతున్నాం. చచ్చిపోకు. నువ్వు చచ్చిపోతే ఈ పిల్ల ఉంటుంది, ఉండదని కాదు, జాన్ పాల్ ఉన్నాడు, మేమున్నాం, కానీ ఈ శాల వైపు చూడకుండా తిరుగుతుంది, నీళ్ళ పంపు దగ్గరికి చుట్టు తిరిగి వెళ్తుంది, నాతో నవ్వుతూనే ఉంటుంది, ఆ నవ్వు నేను చూడలేను. మీ ఊరి మెట్ల మీద నా వీపు నిమిరిన ఆవిడకి నేనేం చెప్పను. మూపురం లేదని వెక్కిరిస్తే వెక్కిరించాను, అంత మాత్రానికి అలగకు. నాకు నువ్వు కావాలి. అదిగో అన్నాను, పైకే అన్నాను కాబోలు, ఏంజెలా నా వైపు చూసింది.

కింద నేల సన్నగా అదిరింది. మా ఇంటి వెనకే రైలు కట్ట, ఆ అదురు మా ఒంట్లో ఉంటుంది, ఎవరూ పట్టించుకోం. గూడ్స్. పొడుగాటి గూడ్స్, ఖాళీ వ్యాగన్లు, ఖాళీవైతేనే అంత చప్పుడూ అంత వేగమూ. శాల వెనక తడిక అదిరింది. ఆయన చాట పడేసి పరుగెత్తుకెళ్ళి ఆ తడిక ఊడబెరికేశాడు, రెండు చేతులతో, కట్ల తాళ్ళతో సహా. ఎందుకు తట్టిందో ఆయనకి. అక్కణ్ణుంచి గాలి వచ్చింది. దుమ్ముతో, గ్రీజు వాసనతో, వేడి ఇనుము వాసనతో, అయినా గాలి, తడిసిన వీపు మీదుగా, కత్తిరించీ కత్తిరించని ఆ జుట్టు మీదుగా, వ్యాగన్ తరవాత వ్యాగను. నా కొంగు పొంగింది. కాంఛీ మెడ ఎత్తింది. కళ్ళు మూసుకుంది. అచ్చం, అచ్చం, నేను చెప్పను ఎవరిలాగో.

వ్యాగన్లు అయిపోయాయి. గాలి కాసేపు ఉండి తగ్గింది. కాంఛీ ముందుకాళ్ళు మడిచింది. పడిపోతోందనుకున్నాను. పడలేదు. నిదానంగా, మోకాళ్ళ మీద వంగి, తరవాత వెనక భాగం దించి, తడి నేల మీద కూర్చుంది. నోరు మూసుకుంది. మూసుకుంది, అంటే నాలుక లోపలికి పోయింది. గొంతు కింద ఏదో ముద్ద పైకి ఎక్కినట్టు కదిలింది. దవడ పక్కకి జరిగింది. ఈగ కాదు. ఇటు జరిగింది, అటు జరిగింది. ఆగింది. మళ్ళీ ఇటు.

"ఆమా, ఉగ్రాయో," అంది ఏంజెలా. నేపాలీ అయి ఉంటుంది, దానికి అర్థం నన్ను ఎవరూ అడగక్కర్లేదు. గోడకి ఆనుకుని కిందకి జారి, ఆవు పక్కనే ఆ బురదలో కూర్చుని, దాని మెడ మీద మొహం పెట్టి ఏడ్చింది. కాంఛీ నములుతూనే ఉంది, ఈ ఏడుపులూ అవీ తనకి సంబంధం లేనట్టు, నిన్నటి గడ్డి ఇప్పుడు తీరిగ్గా. మా ఆయన ఊడబెరికిన తడిక పట్టుకుని నిలబడ్డాడు. ముక్కు తుడుచుకున్నాడు. "దుమ్ము," అన్నాడు. సరే, దుమ్మే.

నేను లోపలికెళ్ళి కంచంలో అన్నం, పప్పు, వేపిన బంగాళాదుంప పెట్టి తెచ్చి ఆ పిల్ల ఒళ్ళో పెట్టాను. చేతులు బురదగా ఉన్నాయంది. నేనే కలిపి ముద్ద నోటికి అందించాను. నోరు తెరిచింది. నమిలింది. ఇటు ఆవు, అటు కోడలు, రెండు దవడలూ ఆడుతున్నాయి, నేను ఎటు చూడాలో తెలీక రెండు వైపులా చూశాను. రేపటి నుంచి తెల్లారకుండా ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. రేకుల మీద గడ్డి కప్పాలి. ఆ తడిక అలాగే తీసేసి ఉంచాలి, రైళ్ళు ఎలాగూ పోతూనే ఉంటాయి. దూడ పుట్టాక దానికి పేరు ఈ పిల్లనే పెట్టమనాలి, ఏ భాషలో పెట్టినా సరే. మామ్మ సంగతి ఇప్పుడు చెప్పొచ్చు. చెబుతాను, ఈ ముద్ద అయ్యాక.

సైరన్ కూసింది. సాయంత్రం సైరను, ఊరంతటికీ వినిపించేలా, పొడుగ్గా. మా ఆయన చెయ్యి తనంతట తనే గంప మీదికి పోయింది. నేను చూశాను. ఆయనా చూసుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, గంప బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. కాంఛీ ఒక చెవి అటు తిప్పింది, మళ్ళీ నమలడం మొదలెట్టింది. సైరన్ కూసి కూసి ఆగిపోయింది, మా ఇంట్లో ఎవరూ లేవలేదు.